గోడ చెమ్మ ఎక్కడిది? రంగు వేయించే ముందు చూసుకోండి

కాలువలకు నీళ్లు వదిలి, నాలుగు వానలు పడ్డాయంటే డెల్టా గ్రామాల్లో చాలా ఇళ్ల గోడలు అడుగు నుంచి తడి పట్టడం మొదలుపెడతాయి. సంక్రాంతికి గృహస్థు వేలు పోసి పుట్టీ పెట్టించి రంగులు వేయిస్తాడు. మళ్లీ వానాకాలం వచ్చేసరికి ఆ రంగు పొక్కులెత్తి, పెచ్చులుగా రాలిపోతుంది. తాపీ మేస్త్రీ రంగుదే తప్పంటాడు, రంగుల కొట్టువాడు మేస్త్రీదే తప్పంటాడు. ఆ చెమ్మ ఎక్కడి నుంచి వస్తున్నదో మాత్రం ఎవరూ చూడరు.

కింది నుంచి వచ్చే చెమ్మ మన ప్రాంతానికి పాత చుట్టమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీరు పొలానికే కాదు, పునాదికీ దగ్గరయింది. వత్తి నూనెను పీల్చినట్లు ఇటుక భూమిలోని నీటిని పైకి లాగుతుంది. సాధారణంగా ఇది మూడు నాలుగడుగులకు మించి ఎక్కదు. ఆ ఎత్తున అడ్డంగా మరక, దానిపై తెల్లని ఉప్పు పొడి కనిపిస్తే కింది చెమ్మ అనుకోవచ్చు. వేసవిలో కాలువలు కట్టేశాక మరక తగ్గితే ఇక అనుమానం అక్కరలేదు. నీరు ఆరినా ఉప్పు గోడలోనే ఉండిపోతుంది. ముసురు పట్టగానే మూత తీసిన ఉప్పు జాడీలాగా అది గాలిలోని తేమను లాక్కుని మళ్లీ చెమరుస్తుంది. తీరప్రాంతంలో ఉప్పు ఇసుకతో, ఉప్పు నీటితో కట్టిన గోడలకూ, రొయ్యల చెరువుల పక్కనున్న ఇళ్లకూ ఈ బాధ మరీ ఎక్కువ.

మన పెద్దలు ఎత్తయిన అరుగులు వేసి, గానుగ సున్నంతో మండువా లోగిళ్లు కట్టుకున్నారు. సున్నం పూత తడిని బయటికి వదులుతుంది. ఇప్పుడు దానిపై సిమెంటు పూసినా, టైల్స్ అతికించినా తడికి దారి మూసుకుపోయి ఇంకా పైకి పాకుతుంది. మరో సంగతి. కొన్ని ఊళ్లలో సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా పాతదాన్ని తవ్వకుండా దానిపైనే పోస్తున్నారు. ఒకప్పుడు నాలుగు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు మెట్టు దిగి వెళుతున్నారు. అటువంటి ఇంటికి ఎంత ఖరీదైన రంగు వేసి ఏం లాభం? ముందు గోడనానుకున్న మట్టి తీయించి, నీరు బయటికి వాలేటట్లు చప్టా చేయించాలి. ఉప్పెక్కిన పూతను మరకకు అడుగున్నర పైదాకా చెక్కించి, గోడ బాగా ఆరాకనే కొత్త పూత పూయించాలి. అడుగున వరసగా రంధ్రాలు వేసి నీటిని ఆపే మందు ఎక్కించే పద్ధతి కూడా ఉన్నది. కొత్తగా కట్టేవారు మాత్రం బెల్టు వేశాం కదా అని ఊరుకోక, గోడ మందమంతా డి.పి.సి. పొర వేయించుకోవాలి. ఆనాటి ఖర్చు స్వల్పం.

గోడ పై భాగాన మరక ఉంటే శ్లాబునో, పైవారి స్నానాల గదినో చూడాలి.

పిల్లల చదువుల కోసం రాజమండ్రిలోనో, భీమవరంలోనో ఫ్లాటు తీసుకున్నవారికి మరో చిక్కు. మూడో అంతస్తులో బీరువా వెనుక నల్లని బూజు! అక్కడికి భూమిలో నీరు ఎలా ఎక్కుతుంది? అది గాలి చెమ్మ. చల్లని నీళ్లు పోసిన స్టీలు గ్లాసుకు బయట చెమట పట్టినట్లే, తేమగాలి చల్లని గోడకు తగిలి నీరవుతుంది. వంట ఆవిరి, గదిలోనే ఆరేసిన బట్టలు, మూసిన కిటికీలు దీనికి తోడు. ఏసీ వేసి కిటికీ తెరిస్తే ఇంకా మోసం. ఉబ్బసం ఉన్నవారికి ఈ బూజు పడదు. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరపాలి. వంటింట్లో, స్నానాల గదిలో గాలిని బయటికి తోసే ఫ్యాను పెట్టించాలి. ఏసీని మరీ చల్లగా పెట్టరాదు.

ఏ చెమ్మో తేలకపోతే ఒక పని చేయండి. మూరెడు పాలిథిన్ ముక్కను గోడకు నాలుగు వైపులా గాలి చొరకుండా టేపుతో అంటించి, రెండు రోజులు ఉంచండి. గది వైపు తడిస్తే గాలి చెమ్మ, గోడ వైపు తడిస్తే గోడలోని చెమ్మ. మేస్త్రీకి కబురు ఆ తరువాతే పెట్టండి.