అంబేడ్కరా, అంబేద్కరా? ఆలస్యంగా తెలిసే సంగతుల వెనక ఉన్న లెక్క

ఏప్రిల్ 14 వచ్చిందంటే చిలకలూరిపేటలో కట్టే ఫ్లెక్సీల మీద ఆయన పేరు రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకచోట అంబేద్కర్, ఇంకోచోట అంబేడ్కర్. ఏది ఎందుకు వచ్చిందో మనలో చాలామందికి కాలేజీ దాటాకే తెలుస్తుంది. కొందరికి ఉద్యమంలో ఏళ్ల తరబడి పనిచేశాక, మహారాష్ట్ర నుంచి వచ్చిన మిత్రుడి నోట విన్నప్పుడు తెలుస్తుంది. తెలిసిన వెంటనే కలిగేది సిగ్గు. 'ఇన్నాళ్లూ ఇది కూడా తెలియకుండా మాట్లాడానా' అని.

ఆ సిగ్గును కాస్త విప్పి చూడాలి. కొన్ని మాటలు, కొన్ని మామూలు సంగతులు కొందరికి ఇంట్లోనే చిన్నప్పుడే తెలుస్తాయి, మరికొందరికి ముప్పై ఏళ్లకు తెలుస్తాయి. ఈ తేడా తెలివిది కాదు. ఎవరి ఇంటికి ఏ పుస్తకం ఎప్పుడొచ్చింది, ఎవరి చుట్టూ ఎవరు ఏం మాట్లాడారు అన్నదాని లెక్క ఇది. మన విద్యార్థులు తరగతి గదిలో నోరు విప్పకపోవడానికీ, మనవాళ్లు పోలీస్ స్టేషన్ గుమ్మం దగ్గర తడబడడానికీ ఈ లెక్కతో సంబంధం ఉంది.

పేర్లు ఎక్కడ మారాయి

మరాఠీలో ఆయన ఇంటిపేరులో ఉన్నది 'డ'. వాళ్ల కుటుంబం రత్నగిరి జిల్లాలోని ఆంబడవే గ్రామానిది. ఊరి పేరుకు 'కర్' చేర్చి ఇంటిపేరు చేసుకోవడం మహారాష్ట్రలో మామూలే. హిందీలోనూ 'డ' అనే రాస్తారు. మరి తెలుగులో 'ద' ఎలా వచ్చింది? ఇంగ్లీషులో 'ద'కూ 'డ'కూ కలిపి ఒకటే అక్షరం. ఆ అక్షరాల మీదుగా పేరు మన దాకా వచ్చేసరికి చదివినవాళ్లు 'ద' అనుకున్నారు. అదే పాతుకుపోయింది. ఇవాళ కోనసీమ జిల్లాకు ఆయన పేరు పెట్టినప్పుడు కూడా ప్రభుత్వ రాతలో అంబేద్కర్ అనే ఉంది.

ఇలాంటివే ఇంకొన్ని. 1927లో చెరువు నీళ్ల కోసం సత్యాగ్రహం జరిగిన ఊరు మరాఠీలో మహాడ్. మన పుస్తకాల్లో మహద్ అని ఉంటుంది. కారణం అదే ఇంగ్లీషు అక్షరం. ఆయన పుట్టిన కంటోన్మెంట్ ఊరిని ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి 'మౌ' అంటాం. అక్కడివాళ్లు మహూ అంటారు. జోతిరావు ఇంటిపేరు మరాఠీలో ఫులే, 'ఫు' హ్రస్వం. పూల వ్యాపారం వల్ల ఆ కుటుంబానికి వచ్చిన పేరది. మనం పూలే అంటాం. మన మాట పలుకులో కాస్త పక్కకు జరిగినా అర్థంలో మాత్రం పూల దగ్గరే ఉంది!

ఇప్పుడు దీనికి ఎదురుగా ఒక మాట పెట్టి చూద్దాం. 'దళిత'. మరాఠీలో, హిందీలో, సంస్కృతంలో ఇది 'ల'. తెలుగులో మనం 'ళ' పలుకుతాం, పత్రికలు 'ళ' అచ్చువేస్తాయి. సంస్కృతం 'కలా' మనకు 'కళ' అయినట్టే, 'దల' మనకు 'దళం' అయినట్టే ఇదీ అయింది. దీన్ని తప్పనేవాళ్లు లేరు. మాట ఒక భాష నుంచి ఇంకో భాషకు వచ్చేటప్పుడు మారుతుంది. ఆ మార్పును తప్పనాలా, మన పద్ధతి అనాలా అన్నది ఎక్కువసార్లు మాట్లాడేవాళ్ల బలాన్ని బట్టే తేలుతుంది.

నా ఉద్దేశం సూటిగా చెబుతాను. రాసేటప్పుడు అంబేడ్కర్ అని రాద్దాం, ఆయన పేరును ఆయన పలికినట్టు పలకడం గౌరవం కాబట్టి. అయితే పాలెంలో ఏ పెద్దమ్మో 'అంబేద్కరయ్య' అంటే ఆపి సరిదిద్దాల్సిన పని లేదు. ఆ పేరును ఇంటింటికీ మోసుకొచ్చింది వాళ్లే.

ఒత్తులు ఎవరివి?

పల్నాడు కుర్రాడు ఇంటర్వ్యూలో 'బాష', 'బయం', 'దనం' అంటే ఎదుటివాళ్ల ముఖంలో ఒక చిన్న నవ్వు వస్తుంది. ఒత్తు పలకలేదని. అసలు ఆ ఒత్తులు తెలుగులోకి ఎలా వచ్చాయో చూద్దాం.

తెలుగు ద్రావిడ భాష. ఖ, ఘ, ఛ, ఝ, థ, ధ, భ లాంటి ఒత్తక్షరాలు మూల ద్రావిడంలో లేవు. తమిళ లిపిలో ఇప్పటికీ లేవు. తెలుగులో అవి ఎక్కువగా సంస్కృతం, ప్రాకృతం నుంచి వచ్చిన మాటలతో వచ్చాయి. ఈ మాట చెప్పింది ఏ తిరుగుబాటు రచయితో కాదు. పరవస్తు చిన్నయసూరి 'బాలవ్యాకరణం' ఆరంభంలోనే సంస్కృతానికి యాభై వర్ణాలు, తెలుగుకు ముప్పై ఆరు అని లెక్క కట్టాడు. ఆ ముప్పై ఆరులో ఒత్తక్షరాలు లేవు. శ, ష కూడా లేవు. అంటే ఒత్తు లేకుండా పలికే నాలుక అచ్చతెలుగు నాలుకే. 'బువ్వ', 'కూడు' అన్నప్పుడు ఎవరికీ ఇబ్బంది లేదు. 'భోజనం' దగ్గరే పరీక్ష మొదలవుతుంది.

సంస్కృతం మాటలైనా ఒక్కటే సరైన పలుకు ఉందా అంటే అదీ లేదు. 'జ్ఞానం' తీసుకోండి. మనం దాదాపు 'గ్నానం' అంటాం, హిందీవాళ్లు 'గ్యాన్' అంటారు, మరాఠీవాళ్లు 'ద్న్యాన్' అంటారు. మూడు ప్రాంతాల పండితులూ ఎవరి పలుకుతో వాళ్లు హాయిగా ఉన్నారు.

ఇంకో సంగతి. చదువుకున్నవాళ్లు ఒత్తు లేనిచోట ఒత్తు పెట్టి, ఒకదాని బదులు ఇంకొకటి పెట్టి చేసే తప్పులు మన చుట్టూ బోలెడు. 'అర్థం' అంటే భావం, 'అర్ధం' అంటే సగం. 'అర్ధం కాలేదు' అని రాసేవాళ్లు పత్రికల్లోనూ ఉన్నారు. 'ప్రార్థన'ను 'ప్రార్ధన' అని గోడల మీద రాస్తారు. 'బాధ'ను 'భాధ' అనీ, 'విద్యార్థి'ని 'విధ్యార్ధి' అనీ రాసిన కరపత్రాలు సంఘాల ఆఫీసుల్లోనే దొరుకుతాయి. ఇవి నేర్చుకోదగ్గ తేడాలే, అర్థం మారుతుంది కాబట్టి. కానీ వీటికి రాని నవ్వు 'బాష'కు ఎందుకు వస్తుంది? ఒత్తు ఎక్కువైతే చదువు ఎక్కువైనట్టు, తక్కువైతే కులం తక్కువైనట్టు వినే అలవాటు మన చెవులకు ఉంది.

పక్కనే ఉన్న వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా ఈ చెవులకు పద్యంతో జవాబు చెప్పాడు. ఒత్తులు, సమాసాలు, ఛందస్సు అన్నీ పట్టు సాధించి, వాటితోనే 'గబ్బిలం' రాశాడు. అది ఒక దారి. వాడుక మాటను బడిలోకి తేవాలని గిడుగు రామమూర్తి చేసిన పోరాటం ఇంకో దారి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపేది ఆయన పుట్టినరోజు నాడే. రెండు దారులూ మనవే. పండిత భాషా మనకు రావాలి, ఇంటి మాటా చిన్నబోకూడదు.

చుండూరుకు ఇంగ్లీషులో 'టీఎస్' ఎందుకు?

1991 ఆగస్టు 6 నాటి దళితుల ఊచకోతతో చుండూరు పేరు దేశమంతా తెలిసింది. ఇంగ్లీషు రాతల్లో ఆ పేరు 'టీ', 'ఎస్' అక్షరాలతో మొదలవుతుంది. బయటి రాష్ట్రాల విద్యార్థులు 'ట్సుందూర్' అని తంటాలు పడతారు. మనలోనూ చాలామంది అది రెండో ఊరనుకుంటారు.

తెలుగు మాటల్లో 'చ' రెండు రకాలు. చిలక, చెరువు, చీర అన్నప్పుడు ఒక రకం, ఇ, ఎ శబ్దాల ముందు వచ్చేది. చల్ల, చుట్టం, చొక్కా అన్నప్పుడు ఇంకో రకం, నాలుక పళ్ల దగ్గరికి జరిగి 'త్స'కు దగ్గరగా పలుకుతుంది. పాత పుస్తకాల్లో దీనికి ౘ అని వేరే గుర్తు ఉండేది. చిలకలూరిపేటలో మొదటిది, ౘుండూరులో రెండోది. ఇంగ్లీషులో రాసినవాళ్లు ఆ పలుకును పట్టుకోవాలని 'టీఎస్' పెట్టారు. చిన్నప్పటి నుంచి రెండూ సరిగ్గా పలుకుతూనే ఉన్నాం, తేడా ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు. తెలియదనుకున్న చాలా సంగతులు ఇలా మన నోట్లో ఉన్నవే.

పలకని అక్షరాల ఇంగ్లీషు

ఇంగ్లీషు దగ్గర సిగ్గు రెట్టింపు. 'రిసీట్'లో 'పి' పలకదని, 'డెట్'లో 'బి' పలకదని, 'కల్నల్' స్పెల్లింగుకూ పలుకుకూ పొంతన లేదని ఎప్పటికో తెలుస్తుంది. ఆ 'బి' కథ వింటే సిగ్గు కాస్త తగ్గుతుంది. ఫ్రెంచి నుంచి ఆ మాట ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు 'బి' లేదు. తర్వాత పండితులు లాటిన్ మూలం కనిపించాలని దాన్ని రాతలో ఇరికించారు. రిసీట్‌లో 'పి' కూడా అలాంటిదే. చదువుకున్న గుర్తుగా పెట్టిన అక్షరాలవి. ఇవాళ వాటిని పలికినవాళ్లను చదువులేనివాళ్లంటున్నారు!

యూనివర్సిటీకి వెళ్తే ఫూకో, బూర్ద్యూ ఎదురవుతారు. స్పెల్లింగ్ చూసి చదివితే ఫౌకాల్ట్, బౌర్డియూ. సెమినార్లో ఆ పేరు పలకాల్సి వస్తుందని ప్రశ్న అడగకుండా కూర్చునే విద్యార్థులు ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు. ఇంటి నుంచి వచ్చే మాటతీరు, అభిరుచి, చదువు వాతావరణం కూడా ఒక పెట్టుబడే అనీ, బడి దాన్ని ప్రతిభగా చూపిస్తుందనీ వివరించినవాడు ఆ బూర్ద్యూయే. మాటను పుస్తకంలో కలుసుకున్నవాళ్లే దాన్ని తప్పు పలుకుతారు. భోజనాల దగ్గర నాన్న నోట విన్నవాళ్లకు ఆ అవకాశమే లేదు. కాబట్టి తప్పు పలికిన విద్యార్థి ఆ పుస్తకాన్ని తనంతట తాను చదివాడని అర్థం.

పలుకు కన్నా ఖరీదైన ఆలస్యాలు

పలుకు ఆలస్యంగా తెలిస్తే నవ్వుతారు. కొన్ని సంగతులు ఆలస్యంగా తెలిస్తే కేసు పోతుంది, కొన్నిసార్లు ప్రాణం పోతుంది. ప్రతి పాలెంలో తెలిసి ఉండాల్సినవి కొన్ని:

- ఫిర్యాదు నోటితో చెప్పినా చాలు. పోలీసులే రాసుకుని, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఈ పనులు కావాలని చేయని ఎస్సీ, ఎస్టీయేతర అధికారికి 4వ సెక్షన్ శిక్ష చెబుతోంది.
- నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలోని 173వ సెక్షన్ ఈ మాట స్పష్టంగా రాసింది.
- 'ముందు విచారణ చేసి తర్వాత కేసు కడతాం' అనడానికి అట్రాసిటీ కేసుల్లో వీల్లేదు. 2018లో చేర్చిన 18ఏ సెక్షన్ ప్రకారం ఎఫ్‌ఐఆర్‌కు ప్రాథమిక విచారణ అక్కర్లేదు.
- దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి.
- నిందితుడి బెయిలు విచారణ సంగతి బాధితులకు ముందుగా తెలియజేయాలి. కోర్టుకు వచ్చే బాధితులకూ సాక్షులకూ ప్రయాణ ఖర్చులు ఇవ్వాలి. ఇవి 2015 సవరణతో వచ్చిన 15ఏ సెక్షన్ హక్కులు.
- ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. న్యాయ సేవల ఫోన్ నంబరు 15100. అత్యాచారాలపై జాతీయ హెల్ప్‌లైన్ 14566.

ఇవి ఎంత ముఖ్యమో చిలకలూరిపేటకు వేరే చెప్పక్కర్లేదు. 1993 మార్చి 8న ఇక్కడి దగ్గర దోపిడీ ప్రయత్నంలో బస్సు తగలబడి 23 మంది ప్రయాణికులు చనిపోయారు. ఆ ఘోరానికి ఇద్దరు పేద దళిత యువకులకు ఉరిశిక్ష పడింది. 1996లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. రాష్ట్రపతి క్షమాభిక్ష తిరస్కరించారు. ఇక అయిపోయిందనే ఎవరైనా అనుకుంటారు. కానీ ఒకసారి తిరస్కరించినా మళ్లీ అర్జీ పెట్టుకోవచ్చని తెలిసినవాళ్లు, పౌరహక్కుల సంఘం వాళ్లు, రచయితలు కదిలారు. 1997లో ఉరి ఆగింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ శిక్షను యావజ్జీవంగా మార్చారు. నేరం చిన్నదని ఎవరూ అనలేదు. శిక్ష వేసేటప్పుడు పేదరికాన్నీ కులాన్నీ కూడా చూడమన్నారు. 'మళ్లీ అడగొచ్చు' అన్న ఒక్క సంగతి సమయానికి తెలియడం వల్ల రెండు ప్రాణాలు నిలిచాయి.

ఏం చేద్దాం

మొదటిది, సరిదిద్దే పద్ధతి. పలుకు తప్పితే నలుగురిలో ఆపొద్దు. ఆ తర్వాత మన వాక్యంలో ఆ మాటను సరిగ్గా వాడితే చాలు, వినేవాళ్లకు అందుతుంది. ఆలస్యంగా తెలుసుకున్నవాళ్లను 'ఇది కూడా తెలియదా' అనే మాట సంఘాల్లో వినపడకూడదు.

రెండోది, గట్టిగా చదవడం. హాస్టళ్లలో వారానికి ఒక గంట పది మంది కూర్చుని అంబేడ్కర్ రచనల తెలుగు సంపుటాలో, జాషువానో, ఒక ఇంగ్లీషు వ్యాసమో వంతులవారీగా పైకి చదవాలి. ఇంట్లో వినే వీలు లేని మాటలు అక్కడ వినపడతాయి. పలకడం తెలియని మాట దగ్గర అందరూ కలిసి ఆగితే సిగ్గు ఒక్కరి మీద పడదు.

మూడోది, పైన రాసిన ఆరు సంగతులు. వాటిని పెద్ద అక్షరాల తెలుగులో ఒక కాగితం మీద వేయించి హాస్టల్ గోడకూ, కమ్యూనిటీ హాలుకూ, చర్చి వరండాకూ అంటించవచ్చు. చదవడం రాని పెద్దవాళ్లకు చదివి వినిపించే బాధ్యత విద్యార్థులు తీసుకోవాలి. ఖర్చు కొన్ని జిరాక్సు కాగితాలదే. స్టేషన్‌కు వెళ్లే రోజు దాకా ఆగితే మాత్రం ఆలస్యం అయిపోయినట్టే.