విలియమ్సన్ ఇరువది యేడు హోమ్ రన్లు

బేస్‌బాల్ మన విద్యార్థులకు అంతగా పరిచితమైన క్రీడ కాదు. బంతిని మైదానపు కంచె దాటించి, బ్యాట్స్‌మన్ నాలుగు బేసులను చుట్టివచ్చుటను అందు హోమ్ రన్ అంటారు. మన క్రికెట్‌లోని సిక్సర్ వంటిదనుకొనవచ్చును.

1884లో షికాగో జట్టు ఆటగాడు నెడ్ విలియమ్సన్ 27 హోమ్ రన్లు కొట్టెను. 1919లో బేబ్ రూత్ 29 కొట్టువరకు, అనగా 35 సంవత్సరములు, ఆ రికార్డు చెక్కుచెదరలేదు. మరి విలియమ్సన్ అంతటి బలశాలియా? 1883లో ఆయన హోమ్ రన్లు రెండే. రెండవ బేసు వరకే చేర్చు డబుల్స్ మాత్రము 49! మరుసటి యేడు డబుల్స్ 18కి తగ్గినవి.

రహస్యమంతయు కంచెలో నున్నది. షికాగో లేక్‌ఫ్రంట్ మైదానము మిక్కిలి ఇరుకు. ఎడమ కంచె సుమారు 180 అడుగులు, కుడి కంచె 200 అడుగులకు లోపే. (ఇప్పటి పెద్ద మైదానములలో 300 అడుగులు దాటుట పరిపాటి.) అందుచే 1883లో కంచె దాటిన బంతికి డబుల్ మాత్రమే ఇచ్చెడివారు. 1884లో దానినే హోమ్ రన్‌గా లెక్కించిరి. జట్టు మొత్తము 142 కొట్టినది!

విలియమ్సన్‌ను మోసగాడనుట అన్యాయము. ఆయన నిబంధన ననుసరించియే ఆడెను. కాని ఆ 27లో 25 సొంత మైదానములోనివే. 1885లో జట్టు వేరొక మైదానమునకు మారగా, ఆయన లెక్క మూడుకు దిగెను. రూత్ కొట్టిన 29లో 20 పరాయి మైదానములలోనివి.