పసిబిడ్డల తల్లులకు మరల చదువు

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు మార్గముమీద, నల్లగొండ జిల్లాలో మూసీ జలాశయమునకు చేరువగా కేతేపల్లి యున్నది. పెండ్లి యీడు 18 ఏండ్లని 1978 నుండి చట్టమున్నను, ఇట్టి పల్లెలలో పదవ తరగతి ముగియకముందే అత్తవారింటికి పోయి, బిడ్డను చంకనెత్తుకొన్న యువతులు నేటికిని కనబడుదురు.

పిల్లతల్లికి చదువేల యని పెద్దలు ప్రశ్నింపవచ్చును. ఉన్న ఊరి అంగన్‌వాడీ కొలువునే చూడుడు. దానికి స్థానికురాలైన వివాహితనే కోరుట చిరకాలముగా వచ్చిన నియమము. ఏ పెండ్లి ఆమె చదువును ఆపినదో ఆ పెండ్లియే అక్కడ అర్హత. ఆగిన చదువే అడ్డము.

ఈ చిక్కును మన దేశమున ముందుగా గుర్తించినవారిలో శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఒకరు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆమెకు ఎనిమిదవ యేటనే పెండ్లి చేసిరి. యుక్తవయసు వచ్చిన పిమ్మట ఆమె ఆ బంధమును విడిచి, స్వయముగా చదివి కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను నెగ్గి, అటుపై ఎం.ఏ., న్యాయశాస్త్ర పట్టములు పొందిరి. 1937లో మద్రాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించి, చదువు తప్పిన స్త్రీలను ఆ మెట్రిక్యులేషనుకే సిద్ధపరచిరి. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ సంఘమునకు ఆమెయే తొలి అధ్యక్షురాలు. ఆ సంఘము 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా తరగతులు ప్రారంభించినది. పలు యేండ్ల పాఠములను కొద్దికాలములో బోధించి, వారిని గ్రామసేవికలుగా, నర్సులుగా, ఉపాధ్యాయినులుగా తీర్చుట దాని యుద్దేశము.

నేడు ఆ పనిని సార్వత్రిక పాఠశాల చేయుచున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 1991లో మొదలైన ఈ విధానము ఇక్కడ ఇప్పుడు తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ పేర నడచుచున్నది. 14 ఏండ్లు నిండినవారెవరైనను పదవ తరగతికి చేరవచ్చును. పైవయసునకు హద్దు లేదు. పుస్తకములు ఇంట చదువుకొని, ఆదివారములందును సెలవు దినములందును తరగతులకు పోవలెను. పరీక్షలన్నియు ఒక్కమారే నెగ్గనక్కరలేదు. నెగ్గినవి నిలిచియుండును, తక్కినవి మరల వ్రాయవచ్చును.

అయినను తలుపు తెరచినంతమాత్రాన తల్లి లోనికి రాజాలదు. అంగన్‌వాడీలో కూర్చుండబెట్టి చదువు చెప్పునది మూడేండ్లు నిండిన పిల్లలకే. చంటిబిడ్డకు దొరకునది పోషకాహారమే. పైగా తరగతి జరుగు ఆదివారమున అంగన్‌వాడీ మూసియుండును. ఆఫ్రికా పల్లెలలోను ఇదే యనుభవము. తల్లులైన బాలికలను మరల బడిలో చేర్చుకొనవలెనని జాంబియా 1997లోనే నిర్ణయించినది. సియెరా లియోన్ 2020లోను, టాంజానియా 2021లోను తమ నిషేధములను తొలగించినవి. అనుమతి లభించినను, బిడ్డను చూచువారు లేకయో ఖర్చులకు చాలకయో వెనుదిరిగినవారు అచ్చట పలువురు.

కావున సాయము ఇంటనే మొదలుకావలెను. అత్తగారు ఆదివారము పూట మనుమని ఎత్తుకొనవచ్చును. భర్త పాత బడినుండి పుట్టినతేది పత్రము తెచ్చి, గడువులోగా రుసుము కట్టవచ్చును. పరీక్షలకు ముందు పదిదినములు నాట్లకు, కలుపుకు పిలువక విడువవచ్చును. పొరుగున చదువుకొన్న ఆడపడుచు సాయంకాలము ఒక గంట లెక్కలు చెప్పవచ్చును. వీనిలో రుసుము తప్ప మరేదియు ధనముతో కూడిన పని కాదు.

మీ ఇంటనో, మీ వాడలోనో అట్టి కోడలున్నచో, సమీపపు ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుని అడిగి అధ్యయన కేంద్రమెక్కడనున్నదో తెలిసికొనుడు. ఆ ప్రశ్న ఆమె తరపున పెద్దలు అడిగినచో, తరగతికి పోవుటకు ఇంట అనుమతి దొరకినట్లే.