రాజ్యపు టప్పు, రైతు పన్ను

ఐరోపాదేశముల ఆర్థికమంత్రులు తఱచుగా కూడి ప్రభుత్వముల జమాఖర్చులను గూర్చియు, బ్యాంకుల సంస్కరణమును గూర్చియు చర్చించుచుందురు. 1992 సంవత్సరపు మాస్ట్రిక్ట్ ఒడంబడికయందు ఏటి లోటు దేశోత్పత్తిలో నూటికి 3ని, మొత్తపు ఋణము నూటికి 60ని మించరాదని కట్టడి చేసికొనిరి. అయినను 2010 మొదలు గ్రీసు మున్నగు దేశములు చిక్కులలో బడెను. ప్రభుత్వపు టప్పు బ్యాంకులను, బ్యాంకుల నష్టము ప్రభుత్వమును ముంచెను.

ఆ గొడవ మనకేల యని చదువరు లందురేమో. లాల్‌దర్వాజా వీథులలో మెలగు మాకిది వింతగా తోచదు. ఈ పాతబస్తీలో చందూలాల్ బారాదరి యను పేట నేటికిని గలదు. ఆ చందూలాలు పేష్కారై, సైన్యపు జీతములకై విలియం పామర్ కంపెనీయొద్ద మిక్కిలి వడ్డీకి అప్పులు చేసెను. 1820లో చేసిన ఋణమొక్కటే 60 లక్షలు! అందు కొంత భాగస్వాములకే ముట్టెనని రెసిడెంటు మెట్‌కాఫ్ ఆరోపించెను. భాగస్వాములలో నొకడగు రంబోల్డు భార్య గవర్నరు జనరలు హేస్టింగ్సు సంరక్షణలో పెరిగినది. అనుమతు లెట్లు లభించెనో వేఱుగ చెప్పనేల?

తుదకు 1823లో ఆ ఋణము తీర్చుటకై, ఉత్తర సర్కారులకుగాను ఇంగ్లీషు కంపెనీ నిజామున కేటేట చెల్లించు 7 లక్షల పేష్కషును, సుమారు కోటి పదునాఱు లక్షల కొక్కమాఱుగా వదలుకొనవలసి వచ్చెను. రాజమహేంద్రవరము, ఏలూరు, చికాకోలు, గుంటూరు సీమల పేర శాశ్వతముగా వచ్చు రాబడి అట్లు మాయమయ్యెను. పామర్ కంపెనీయు కొలదికాలమునకే దివాలా తీసెను.

రైతుమాట యేమి? తాలూకాల వసూలు, ముందు సొమ్మిచ్చిన గుత్తదారుని పాలయ్యెను. ఆతడు పెట్టిన సొమ్ము వడ్డీతో రాబట్టుకొనునది పొలముమీదనే గదా. 1853లో బాకీలక్రింద బేరారు చేయిజారినది. ఆ యేడే దివానైన మొదటి సాలార్‌జంగు గుత్తలను క్రమముగా రద్దుచేసి, జీతగాండ్రగు ఉద్యోగులను నియమించి, 1865లో జిల్లాబందీ యేర్పఱచెను. మా యెఱుకలో ఈ సీమ రైతునకు ఇంతకంటె గొప్ప మేలు చేసిన ఆర్థికసంస్కరణము లేదు.

పిదప 1922లో అక్బర్ హైదరీ, శాఖలవారీగా ఖర్చు ముందే నిర్ణయించు పద్ధతిని నెలకొల్పెను. సర్కారు సొంత బ్యాంకు మాత్రము 1941 వఱకు రాలేదు. ఆ హైదరాబాదు స్టేట్ బ్యాంకు 2017 ఏప్రిలు 1వ తేదీన భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమైనది.