గుప్పెడంత పుంజు: ఉత్తర తెలంగాణ పెరట్లో సెరామా

మనిషి పెంచుతున్న కోళ్ల జాతులన్నిటిలో అతి చిన్నదిగా పేరుపొందిన సెరామా, మలేషియా ఈశాన్య తీరంలోని కెలంతన్ రాష్ట్రంలో, వీ యాన్ ఈన్ అనే పెంపకందారు చేతిలో గత శతాబ్దపు చివరి దశాబ్దాల్లో రూపుదిద్దుకుంది. పొట్టి కాళ్ల జపాన్ కోళ్లనూ, మలేషియా పల్లెల్లో తిరిగే చిన్న కోళ్లనూ తరాల తరబడి జత కట్టించి, ప్రతి తరంలోనూ చిన్నవాటినీ, రొమ్ము విరుచుకుని నిలబడేవాటినీ మాత్రమే ఏరుకుంటూ పోవడం వల్ల ఈ జాతి ఏర్పడింది. థాయిలాండ్ రాజులు ధరించే ‘రామ’ అనే బిరుదు నుంచి దీని పేరు వచ్చిందని చెబుతారు. మలేషియాలో 1990లో పెర్లిస్ రాష్ట్రంలో మొదటి పోటీ జరిగింది; 2000 తర్వాత ఈ కోడి అమెరికాకూ, 2004లో బ్రిటన్‌కూ చేరింది; 2011లో అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ తెల్లరంగు సెరామాకు ప్రామాణిక జాతిగా గుర్తింపునిచ్చింది. ఆ ప్రమాణం ప్రకారం పుంజు బరువు సుమారు 450 గ్రాములు, పెట్ట బరువు సుమారు 400 గ్రాములు. మలేషియా పోటీల్లో పావుకిలో తూగని పుంజులు కూడా బల్లెక్కుతాయి. పెరట్లో తిరిగే మామూలు నాటుపెట్ట ప్రామాణిక సెరామా పెట్టకు మూడింతలు తూగుతుంది.

అయితే బరువు ఒక్కటే సెరామాను సెరామాగా చేయదు. మెడ వెనక్కి వంగి, రొమ్ము గడ్డం కిందికంటా ఎత్తుకుని, రెక్కల కొసలు నేలవైపు నిలువుగా దిగి, తోక నిటారుగా లేచి తలను తాకేంత దగ్గరగా నిలిచినప్పుడే దాని అందం పూర్తవుతుంది. పోటీలో పక్షిని ఒంటరిగా బల్లమీద వదిలి, అది బెదరకుండా నడుస్తుందా, పిలిస్తే రొమ్ము విరుచుకుంటుందా, మనిషి చేతికి మచ్చికైందా అన్నవి చూసి మార్కులు వేస్తారు. అంటే శరీర నిర్మాణంతో పాటు స్వభావం కూడా తరతరాల ఎంపికలో భాగమైంది. కోళ్లలో ఇది అరుదు.

నిలకడనూ స్వభావాన్నీ చూసి కోడిని మెచ్చుకునే ఈ తేడా కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు ముఖ్యమైనది. ఇక్కడ పుంజు అంటే దావత్‌కు కూర, లేదా దేవతకు మొక్కు, లేదా దొంగచాటు పందెం. కోడిపందేలను 1960 నాటి జంతుహింస నివారణ చట్టమూ, 1974 నాటి జూద నిరోధక చట్టమూ నిషేధించినా, 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా గొల్లపల్లి మండలంలో కాలికి కత్తి కట్టిన పుంజు దాన్ని తెచ్చిన మనిషి ప్రాణమే తీసింది. 2024 జనవరిలో ఆర్టీసీ బస్సులో ఎవరో మరచిపోయిన పుంజును కరీంనగర్ డిపో వారు వేలం వేస్తామని ప్రకటించినప్పుడు రాష్ట్రమంతా ఆసక్తిగా చూసింది. పుంజుమీద జనానికున్న ఈ మమకారం నిజమైనది, పాతది. దానికి కత్తీ నెత్తురూ లేని ఒక దారి కావాలి. పుంజు నడకనూ నిలకడనూ చూసి మెచ్చుకునే సెరామా పోటీ అలాంటి దారి చూపుతుంది. పైగా పక్షిని పరిశీలించే కన్ను తెలుగువారికి ఎప్పటినుంచో ఉంది. పందెం పుంజులను ఈకల రంగును బట్టి కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల, కౌజు, మైల అని విడదీసి చెప్పే కుక్కుటశాస్త్ర సంప్రదాయం, ఏ రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గమనించడం నేర్పింది. రంగుల్లో నిలకడ లేని, ఒకే పొదుగులో నలుపూ తెలుపూ గోధుమా పుట్టించే సెరామాను వర్ణించడానికి ఇంతకంటే అనువైన పదజాలం ఇంకెక్కడా దొరకదు.

చిన్న పరిమాణానికి చెల్లించే ధర

సెరామాను కొనదలచినవారు ముందుగా తెలుసుకోవలసింది దాని చిన్న పరిమాణం ఎక్కడినుంచి వచ్చిందన్నదే. కోడి ఎత్తు తగ్గడానికి ప్రకృతిలో ఒకటికి మించిన మార్గాలున్నాయి. మొదటిది, శరీర పరిమాణాన్ని కొద్దికొద్దిగా ప్రభావితం చేసే అనేక జన్యువులు ఎంపిక వల్ల ఒకచోట చేరడం. సెరామా చిన్న పరిమాణానికి అధికభాగం కారణం ఇదే. అందువల్లనే అతి చిన్న జంటకు కూడా కొన్ని పెద్ద పిల్లలు పుడతాయి, ఎన్ని తరాలు గడిచినా పరిమాణం పూర్తిగా స్థిరపడదు, ఏరివేత ఆపితే మంద మళ్లీ బరువెక్కుతుంది.

రెండో మార్గం, ఒకే ఒక్క జన్యువు. పెరుగుదల హార్మోనును శరీర కణాలు అందుకోనీయకుండా అడ్డుకునే ఒక మరుగుజ్జు జన్యువు కోళ్లలో లింగనిర్ణయ క్రోమోజోముమీద ఉంటుంది. పెట్టకు అలాంటి క్రోమోజోము ఒక్కటే ఉన్నందున ఒక్క ప్రతి చాలు, అది చిన్నదవుతుంది. పుంజుకు రెండూ కావాలి. ఈ జన్యువు ప్రాణాంతకం కాదు. కోళ్ల పరిశ్రమ దీన్ని తల్లికోళ్లలో వాడుకుని దాణా ఖర్చు తగ్గించుకుంటుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పాటై, తెలంగాణ పల్లెలకు వనరాజా, గ్రామప్రియ కోళ్లను అందించిన జాతీయ కోళ్ల పరిశోధన సంస్థ కూడా ఇటువంటి మరుగుజ్జు వంశాన్ని భద్రపరుస్తోంది.

మూడోది కఠినమైనది. జపాన్ పొట్టికాళ్ల కోళ్లనుంచి కొన్ని సెరామా వంశాలకు సంక్రమించిన దీన్ని ‘క్రీపర్’ జన్యువు అంటారు, అంటే నేలమీద పాకినట్టు నడిపించే జన్యువు. ఎముక ఎదుగుదలకు అవసరమైన ‘ఇండియన్ హెడ్జ్‌హాగ్’ అనే జన్యువు ఉన్నచోట క్రోమోజోములో ఒక ముక్క లోపించడమే దీనికి కారణమని 2016లో వెలువడిన పరిశోధన తేల్చింది. తల్లినుంచో తండ్రినుంచో ఒక్కరి నుంచి మాత్రమే ఆ లోపం వస్తే పిల్లకు కాళ్లు పొట్టివవుతాయి, బతుకుతుంది. ఇద్దరినుంచీ వస్తే గుడ్డులోనే, ఎక్కువగా పొదుగు మొదలైన మొదటి వారంలోనే, పిండం చనిపోతుంది. పొట్టికాళ్ల పుంజును పొట్టికాళ్ల పెట్టకే కట్టినవారికి సగటున ప్రతి నాలుగు పిండాల్లో ఒకటి ఈ విధంగా పోతుంది, రెండు పొట్టికాళ్లతో, ఒకటి మామూలు కాళ్లతో పుడతాయి. దీన్ని ఎరుగని పెంపకందారు గుడ్లు చెడిపోయాయనో, కరెంటు పోయిందనో, పుంజు బలహీనమనో అనుకుంటాడు. పొట్టికాళ్ల పక్షికి మామూలు కాళ్ల జోడును కడితే ఈ నష్టం ఉండదు. పుట్టినవాటిలో సగం పొట్టికాళ్లవే అవుతాయి కూడా. ప్రామాణిక సెరామాకు కావలసినది పొట్టికాళ్లు కాదనీ, మధ్యరకపు ఎత్తున్న నిటారు కాళ్లనీ గుర్తుంచుకుంటే, కావాలని పొట్టిని పొట్టికి కట్టి పిండాలను బలిచేసే పని ఎవరూ చేయనక్కరలేదు. చూడముచ్చట కోసం పక్షికి ఇంత నష్టం కలిగించడం తగదు.

మలేషియా నుంచి మానేరు ఒడ్డుకు

2016లో విడదీసిన తర్వాత పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా ఉన్నాయి. కేరళ, తమిళనాడు పెంపకందారుల వద్ద పెరిగిన సెరామాలు ఈ ఎనిమిది జిల్లాల్లో ఎక్కడికి చేరినా, ఎదుర్కొనే మొదటి పరీక్ష వాతావరణమే. కెలంతన్ భూమధ్యరేఖకు దాదాపు 6 డిగ్రీల ఉత్తరాన ఉంది. అక్కడ పగలు ఏడాది పొడవునా దాదాపు 12 గంటలే, రాత్రి చలి అంటే ఇరవై డిగ్రీల పైమాటే. ఆదిలాబాద్ దాదాపు 19.7 డిగ్రీల ఉత్తరాన ఉంది. రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆసిఫాబాద్ ఏజెన్సీలో కొన్ని శీతాకాలపు తెల్లవారుజాములు 5 డిగ్రీల లోపుకు దిగుతాయి. చిన్న శరీరానికి బరువుతో పోలిస్తే చర్మ వైశాల్యం ఎక్కువ; కాబట్టి అది వేడిని త్వరగా వదిలించుకుంటుంది, అదే కారణంగా చలికి త్వరగా చల్లబడుతుంది. ఎండాకాలంలో నీడా, గాలీ, మట్టికుండలో చల్లటి నీళ్లూ ఉంటే సెరామా నాటుకోడితో సమానంగా తట్టుకుంటుంది. పుష్యమాసపు చలిలో మాత్రం గూటికి మూడువైపులా గోనెపట్టాలు కట్టి, నేలమీద ఊక మందంగా పరచి, పిల్లలకైతే బల్బు వేడి తప్పనిసరిగా ఇవ్వాలి. మలేషియాలో ఏడాదంతా గుడ్లు పెట్టే పెట్ట ఇక్కడ పగలు 11 గంటలకు తగ్గే మార్గశిర, పుష్య మాసాల్లో మందగించడం జబ్బు కాదు. అది వెలుతురుకు శరీరం ఇచ్చే సమాధానం.

దాణా విషయంలో ఈ ప్రాంతం అదృష్టవంతమైనది. కరీంనగర్ మక్కలూ, ఆదిలాబాద్ సోయా చిక్కుడూ చేతికందే దూరంలో ఉన్నాయి. అయితే పచ్చి సోయాగింజలో మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డుకునే పదార్థం ఉంటుంది; నూనె తీసి వేడిచేసిన సోయా చెక్క కోడికి పనికొస్తుంది. వానకాలంలో తడిసి బూజు పట్టిన మక్కల్లో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది; పెద్ద కోడికి నలతగా కనిపించే మోతాదే గుప్పెడంత పక్షికి ప్రాణం మీదికి తెస్తుంది. నూకలూ తవుడూ ఆకలి తీరుస్తాయి గాని, దాణాలో సగం అవే నిండితే మాంసకృత్తులు చాలవు. పిల్లలకు 20 శాతానికి పైగా మాంసకృత్తులున్న దాణాను మెత్తగా మరపట్టించి పెట్టాలి. పల్లెటూరి పద్ధతిలో చెదలు తవ్వి వేయడం ఇప్పటికీ మంచి పద్ధతే. నీళ్ల గిన్నెలో గులకరాళ్లు వేయాలి, ఎందుకంటే బుల్లి సెరామా పిల్ల వేలు లోతు నీళ్లలో మునిగిపోతుంది.

జబ్బుల్లో ముందుగా భయపడవలసింది కొక్కెర రోగానికి, అంటే రాణీఖేత్‌కు. టీకా లేని మందలో ఇది వారం తిరగకుండా గూడు ఖాళీ చేస్తుంది. పిల్ల పుట్టిన వారంలోపు కంట్లోనో ముక్కులోనో వేసే చుక్కలూ, రెండు నెలల వయసులో వేసే రెక్క టీకా సూదీ దీనికి రక్ష. టీకా సీసా కనీసం వంద కోళ్లకు సరిపడేలా వస్తుంది, కలిపిన తర్వాత రెండు మూడు గంటల్లోనే వాడేయాలి. పది సెరామాలున్నవారు మిగిలిందంతా పారబోయడం కంటే వాడకట్టులోని నాటుకోళ్లన్నిటికీ అదే పూట వేయించడం మేలు. రోగం గోడ దూకి వచ్చేది పక్కింటి కోడినుంచే గనుక, ఊరి కోళ్లకు చేసిన సాయం పెంపుడు పక్షికి కూడా కాపలా అవుతుంది. కోరుట్లలోని పశువైద్య కళాశాల ఈ ప్రాంతానికి సాంకేతిక సలహా ఇవ్వగల ఆధారం.

పొదుగు, జతలు, పుస్తకం

మామూలు కోడిగుడ్డు 21 రోజులకు పొదుగుతుంది. సెరామా గుడ్డు సాధారణంగా 19 రోజుల వద్దే పగులుతుంది. 37.5 డిగ్రీల వేడి నిలకడగా ఉంచే చిన్న యంత్రాలు దొరుకుతున్నా, వేసవిలో కరెంటు కోతలుండే పల్లెల్లో పొదిగే నాటుపెట్ట నమ్మకమైనది. కాని పందెం జాతి అయిన అసీల్ పెట్టలాంటి బరువైన కోడి కింద ఈ గుడ్లు పెడితే చితుకుతాయి. పుట్టిన పిల్లలు దాని కాలికింద పడతాయి. అందువల్ల బరువు తక్కువ, నెమ్మది ఎక్కువ ఉన్న నాటుపెట్టను ఎంచుకోవాలి. సెరామా పెట్ట కూడా మంచి తల్లే. దాని ఒళ్లు కప్పగలిగినన్నే, ఐదారు గుడ్లకు మించకుండా వేస్తే చక్కగా పొదుగుతుంది.

చిన్న మందలో అన్నా చెల్లెళ్లను జత కట్టడం సులువైన పొరపాటు. అలాంటి జతకు పుట్టిన పిల్లలో ఇద్దరి నుంచీ ఒకే పూర్వీకుని జన్యుప్రతి చేరే అవకాశం 25 శాతం; గుడ్డు పొదగకపోవడం, పిల్ల ఎదగకపోవడం ఆ తరంలోనే కనిపిస్తాయి. మూడు గూళ్ల పద్ధతి దీనికి తీసిన దారి: పెట్టలు, వాటి ఆడపిల్లలు తమ గూటిలోనే ఉంటాయి, ప్రతి ఏడూ మొదటి గూటి పుంజుపిల్లలు రెండో గూటికి, రెండో గూటివి మూడోదానికి, మూడోవి మొదటికి మారతాయి. ముగ్గురు పెంపకందారులు జగిత్యాలలో ఒకరు, మంచిర్యాలలో ఒకరు, నిర్మల్‌లో ఒకరు ఉన్నా ఈ చక్రం తిరుగుతుంది. గోదావరి ఏజెన్సీ ఆదివాసులు పెట్టను పొరుగింటికి ఇచ్చి, పుట్టిన పిల్లలను పంచుకునే ‘వాటా’ పద్ధతి ఇలాంటి సహకారానికి పాత ఆధారం. అసీల్ వంశాలు వేర్వేరు ఇళ్లలో నిలిచాయంటే అందులో ఈ పంపకానికి పాత్ర ఉంది. డబ్బు లేకుండా మేలైన రక్తం చేతులు మారడానికి దీనికి మించిన ఏర్పాటు ఇంకా రాలేదు.

దీనికంతటికీ పుస్తకం కావాలి. ప్రతి పక్షి కాలికీ గుర్తుకడియం వేసి, తల్లిదండ్రులు, పొదిగిన గుడ్లు, చెడిన గుడ్లు, పెరిగిన పిల్లల బరువు రాసిపెట్టినప్పుడే క్రీపర్ ఎక్కడ దాగుందో, ఏ వంశం గట్టిదో తెలుస్తుంది. అందాన్ని బట్టి పుంజునూ, పొదిగించి పిల్లలను పెంచిన శక్తిని బట్టి పెట్టనూ ఎంచుకునేవారి మందే పదేళ్లు నిలుస్తుంది. బరువు ఒక్కటే చూసి ఏరేవారి పెట్టలు, గుడ్డు బయటికి రాక ఇరుక్కుని చనిపోవడం మొదలుపెడతాయి.

చివరగా మిగిలేది అదనపు పుంజుల సమస్య. పుట్టినవాటిలో సగం పుంజులే. మూడు నాలుగు పెట్టలకు ఒక్క పుంజు చాలు. కూరకు వీటిలో మాంసం లేదు, పందేనికి పనికిరావు, అది మంచిదే. పెట్టల చూపు పడని గూటిలో ఒకే ఈడు పుంజులు కలిసి పెరగగలవు. తెల్లవారుజామున కూత చిన్నదే అయినా, ఇరుకు వాడలో పొరుగువారిని ముందే అడిగి పెంచడం న్యాయం. అమ్మదలచినప్పుడు కొనేవారికి పుంజుతో పాటు పుస్తకంలోని దాని పేజీ కూడా చూపించి, దాని కాళ్లు పొట్టివైతే ఎలాంటి పెట్టకు కట్టరాదో చెప్పి పంపాలి.