గోడ ఎర్రగా కనిపిస్తే నిజంగా వేడిగా ఉన్నట్టేనా? సిమ్యులేషన్ కలర్ మ్యాప్ చదివే పద్ధతి

మే నెలలో తిరుపతిలో పై ఫ్లోర్‌లో ఉండేవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. సాయంత్రం ఎండ పోతుంది, పడమటి గోడ మాత్రం రాత్రి పదకొండింటికీ సెగలు కక్కుతూనే ఉంటుంది. ఆ గోడ పక్కనే మంచం ఉంటే ఇక నిద్ర సంగతి అడగొద్దు. కొత్త ఇంటికి ఏ ఇటుక మంచిదని అడిగితే ల్యాప్‌టాప్ తిప్పి రంగుల బొమ్మ చూపించేవాళ్ళున్నారు. ఒక గోడ ఎర్రగా, ఇంకోటి నీలంగా. దాన్ని చూసి లక్షలు పెట్టేముందు ఆ రంగులు ఎక్కడినుంచి వచ్చాయో చూద్దాం.

సాఫ్ట్‌వేర్ గోడని చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడికి ఎంత వేడి ఉంటుందో లెక్కేస్తుంది. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ల్యాబ్ ఫ్రీగా ఇచ్చే 'థర్మ్' కూడా చేసేది ఇదే. బయటికొచ్చేది నంబర్లే. రంగు తర్వాత పూసేది.

ఒక చిన్న లెక్క. గోడ బయటి ముఖం 50 డిగ్రీలు, గదిలో గాలి 30 డిగ్రీలు అనుకుందాం. ఒకటి 230 మిల్లీమీటర్ల మామూలు ఇటుక గోడ, రెండోది 200 మిల్లీమీటర్ల ఏఏసీ బ్లాక్ గోడ. ఉష్ణవాహకత ఇటుకకి 0.8, బ్లాక్‌కి 0.18 తీసుకుని, ప్లాస్టరింగ్ వదిలేస్తే, గదివైపు ముఖం ఇటుక గోడకి సుమారు 36 డిగ్రీలు, బ్లాక్ గోడకి 32 వస్తుంది. నాలుగు డిగ్రీల తేడా. చెయ్యి ఆనిస్తే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఈ రెండు ముఖాలకీ రంగు వేద్దాం. స్కేల్ 32 నుంచి 36 వరకు పెడితే ఒకటి ముదురు నీలం, ఇంకోటి నిప్పు ఎరుపు. అదే 0 నుంచి 100 పెడితే రెండూ దాదాపు ఒకే రంగు! నంబర్ ఒక్కటీ మారలేదు. ఇంతకన్నా పెద్ద బోల్తా ఆటో స్కేల్. గోడ మొత్తం అడ్డకోతకి ఏ బొమ్మకి ఆ బొమ్మ తన కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా రంగులు సాగదీసుకుంటుంది కాబట్టి, రెండు గోడలూ ఎరుపు నుంచి నీలం దాకా ఒకేలా కనిపిస్తాయి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాడేవాళ్ళు వీమిన్, వీమ్యాక్స్ రెండు బొమ్మలకీ ఒకటే ఇవ్వాలి. ఇక్కడైతే 30, 50 సరిపోతాయి. ఫోన్‌కి తగిలించే థర్మల్ కెమెరాల్లోనూ ఇదే కథ. రెండు డిగ్రీల తేడా ఉన్న గదినీ మంటల్లో ఉన్నట్టు చూపిస్తాయి. అందుకే నేను బొమ్మకన్నా ముందు పక్కనున్న రంగుల పట్టీ మీది అంకెలు చూస్తాను.

రంగుల వరసలోనూ మోసం ఉంది. ఇంద్రధనస్సులా ఉండే పాత 'జెట్' చాలా ఏళ్ళు డిఫాల్ట్‌గా నడిచింది. మన లెక్కలోని ఇటుక గోడలో వేడి బయటినుంచి లోపలికి సమానంగా దిగుతుంది, మధ్యలో గీతలేవీ లేవు. జెట్‌లో మాత్రం పసుపు దగ్గర ఒక పట్టీ మెరిసి, అక్కడేదో వేరే పొర ఉందేమో అనిపిస్తుంది. ఎరుపు, పచ్చ తేడా తెలియనివాళ్ళకి ఇంకా తిప్పలు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లో 2.0 వెర్షన్‌తో జెట్‌ని పక్కనపెట్టి 'విరిడిస్' తెచ్చింది. గోడ వేడికి నా ఓటు మాత్రం 'ఇన్ఫర్నో'కే. నలుపు నుంచి లేత పసుపు దాకా వెలుగు క్రమంగా పెరుగుతుంది, బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీసినా అర్థమవుతుంది.

ఇంత చేసినా పై లెక్క ఒక్క క్షణానిది, అదీ ఎండ కదలదన్నట్టు వేసింది. పడమటి గోడకి అసలు పనికొచ్చే బొమ్మ వేరు: అడ్డంగా 24 గంటలు, నిలువుగా గోడ మందం, కింద బయటివైపు, పైన గదివైపు. సాయంత్రం నాలుగింటికి కింద మొదలైన వెలుగు చార ఏటవాలుగా ఎక్కుతూ, ఇటుక గోడలో ఆరేడు గంటల తర్వాత పైకి చేరుతుంది. అంటే రాత్రి పదకొండు, సరిగ్గా మనం మంచమెక్కే టైమ్. బ్లాక్ గోడలోనూ ఆ చార ఉంటుంది, కానీ గదివైపుకి వచ్చేసరికి బాగా వెలిసిపోతుంది.