డబ్బా తాగి అరుగు మీద కూర్చుంటే కండ రాదు

అమలాపురం, రాజోలు, కొత్తపేట... ఏ ఊరి మందుల షాపులో చూసినా టానిక్కు సీసాల పక్కన బలం పొడి డబ్బాలు బారులు తీరి ఉంటున్నాయి. పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు సంక్రాంతికి వస్తూ తండ్రికి పంచెల చాపుతో పాటు ఓ డబ్బా కూడా తేవడం ఈమధ్య రివాజైంది. ఆ పెద్దాయన రెండు పూటలా పాలల్లో కలుపుకుని తాగి అరుగు మీద కూర్చుంటాడు. నెల తిరిగేసరికి డబ్బా ఖాళీ. లేవాలంటే మాత్రం స్తంభం పట్టుకోవలసిందే.

ఒకప్పుడు రోజంతా కొబ్బరి చెట్లెక్కి కాయ దింపిన మనిషే అరవై అయిదేళ్లకు అరుగు దిగలేకపోతే 'వయసు మీద పడింది' అని సరిపెట్టుకుంటాం. అది కొంత నిజమే. ముప్పై ఏళ్లు దాటాక ప్రతి పదేళ్లకు 3 నుంచి 8 శాతం కండ తరుగుతుందని, అరవై దాటాక ఆ తరుగు ఇంకా ఎక్కువని వైద్యుల లెక్క. అమెరికా వైద్యుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్ 1989లో దీనికి 'సార్కోపీనియా' అని పేరు పెట్టారు. పేరు ఏదైనా, భయపడవలసింది పడిపోవడానికి. నూతి గట్టు దగ్గర కాలు జారి తుంటి విరిగి, మళ్లీ మంచం దిగని వారు ఏ ఊళ్లో లేరు? మంచం పడితే ఉన్న కండ కూడా పోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిని పది రోజులు మంచం మీదే ఉంచి చూస్తే ఒక్క కాళ్లలోనే దాదాపు కిలో తరిగినట్లు 2007లో అమెరికాలో తేలింది.

మరి డబ్బా సంగతి ఏమిటి? 1994లో బోస్టన్ వైద్యులు వెల్లడించిన పరిశీలన ఒకటి ఉంది. వృద్ధాశ్రమంలోని నూరు మందిని తీసుకున్నారు. సగటు వయసు 87. కొందరిచేత బరువులతో కాళ్ల వ్యాయామం చేయించారు, కొందరికి పోషక పానీయం ఇచ్చారు, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. పది వారాలయ్యాక చూస్తే వ్యాయామం చేసిన వారి బలం 113 శాతం పెరిగింది. చేయనివారిలో 3 శాతమే. పానీయం ఒక్కటే తాగినవారికి బలం రాలేదు.

ఆ బోస్టన్‌తో మన గోదావరి వారికి పాత చుట్టరికమే ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అక్కడి హార్వర్డ్ వైద్య కళాశాలలో ఫిస్క్‌తో కలిసి 1927లో కండలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. కండకు చటుక్కున శక్తినిచ్చే సరుకు అది. ఇప్పుడు డబ్బాల్లో అమ్మే క్రియాటిన్ కండలోకి చేరి అదే పదార్థంగా మారుతుంది. అదైనా వ్యాయామం చేసే పెద్దవారికి కొంత అదనపు మేలు చేస్తుందే తప్ప, కూర్చున్నవారికి ఒరిగేది పెద్దగా లేదు.

అలాగని తిండి అక్కర్లేదని కాదు. కండకు కావలసింది మాంసకృత్తులు. పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు ఉండాలని నిపుణుల మాట. అంటే అరవై కిలోల మనిషికి 60, 70 గ్రాములు. మూడు వందల గ్రాముల బియ్యం వండుకుంటే 24 వస్తాయి. రెండు గుడ్లకు 12, పావులీటరు పాలకు 8, యాభై గ్రాముల పప్పుకు 11. ఒక మంచి చేప ముక్క వేసుకుంటే లెక్క సరిపోయినట్లే. నీసు ముట్టనివారికి మినప రొట్టె, పెసరట్టు, పెరుగు, వేరుశనగ గుళ్లు ఉండనే ఉన్నాయి. కొబ్బరి మన పెరటిదే అయినా ఈ విషయంలో దాన్ని నమ్ముకోలేం. వంద గ్రాముల పచ్చికొబ్బరిలో నాలుగైదు గ్రాములకు మించవు.

ఇంట్లో జరిగేది వేరు. ముసలమ్మ చేప ముక్క మనవడి కంచంలో వేసి తాను చారన్నంతో సరిపెట్టుకుంటుంది. రాత్రికి 'అరగదు' అని ఇంత మజ్జిగన్నం. పళ్లు లేనివారికి పప్పు మెత్తగా ఎనిపి, గుడ్డు పొరటు చేసి పెట్టవచ్చు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన ఆహార సూచనల్లో కండ కోసం ప్రోటీన్ పొడులు వాడవద్దనే చెప్పింది. వాటిలో చక్కెర, కృత్రిమ రుచులు కలిసి ఉండవచ్చని హెచ్చరించింది. నమలలేనివారికి, జబ్బు చేసి చిక్కిపోయినవారికి డాక్టరు రాసిస్తే అది వేరే మాట. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా డబ్బా మూత తీయరాదు.

మీ ఇంట్లో పెద్దవారిని చేతులు కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమనండి. 15 సెకన్లు దాటితే కాళ్లలో సత్తువ తగ్గుతున్నట్లే. వ్యాయామం కూడా అదే: ఉదయం పదిసార్లు, సాయంత్రం పదిసార్లు, ఓపికను బట్టి పెంచుకుంటూ. గుండె జబ్బు, మోకాళ్ల బాధ ఉంటే ముందు డాక్టరుకు చెప్పండి. కుర్చీని గోడకు ఆనించి వేయండి. ప్లాస్టిక్ కుర్చీ గచ్చు మీద జారుతుంది. మొదటి వారం పక్కన ఒకరు నిలబడాలి.